మాంసం అందని సారథి

చైనీయుల నానుడి ఒకటి ఉంది, ‘గ జి వెయ్ జెంగ్’ అని. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు, కలిసి చేయాల్సిన పనిలో ఎవరి పెత్తనం వాళ్లు చేసుకోవడం. శాఖల మధ్య పొంతన లేనప్పుడు వాడతారు. దాని వెనక కథ మాత్రం నాలాంటి ట్రావెల్స్ వాడికి నేరుగా తగులుతుంది.

క్రీ.పూ. 607లో సోంగ్ రాజ్యం మీదికి జెంగ్ సైన్యం వచ్చింది. యుద్ధానికి ముందు సోంగ్ సేనాని హువా యువాన్ గొర్రెలు కోయించి సైనికులకు విందు పెట్టాడు. తన రథం తోలే యాంగ్ జెన్‌కు మాత్రం ముక్క అందలేదు. మర్నాడు పోరులో సారథి, ‘నిన్న గొర్రెల విషయంలో పెత్తనం నీది, ఇవాళ నాది’ అని రథాన్ని సూటిగా శత్రువుల మధ్యలోకి తోలేశాడు. సేనాని బందీ అయ్యాడు. సోంగ్ ఓడిపోయి 460 రథాలు పోగొట్టుకుంది. అతన్ని విడిపించడానికి 100 రథాలు, 400 గుర్రాలు ఇస్తామన్నారు. సగం చేరేసరికే ఆయన తప్పించుకొచ్చాడు!

ఈ కథ చెప్పిన ‘జువో జువాన్’ గ్రంథం సారథిని మనిషే కాదని తిట్టిపోసింది. సొంత కక్షకు దేశాన్ని ముంచాడు కాబట్టి తిట్టాల్సిందే. కానీ సేనానిని అంత తేలిగ్గా వదలడం నాకు నచ్చలేదు. పెళ్లిళ్లకు బస్సులు పంపుతాను కదా, బంతి మీద బంతి లేస్తుంటే పార్కింగ్‌లో ఆకలితో కూర్చున్న డ్రైవర్ల ఫోన్లు నాకే వస్తాయి. అందుకే బుకింగ్ అప్పుడే పెళ్లివాళ్లతో డ్రైవర్ భోజనం సంగతి తేల్చుకుంటాను.