ఫారంలో మొదటి ప్రశ్న

మద్యం మాన్పించే కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్న రోజుల్లో, చేరడానికి వచ్చిన ఒక ట్రాన్స్ మహిళ దరఖాస్తు ఫారం మీద పెన్ను కదపకుండా కూర్చోవడం చూశాను. పేరు రాశారు. తర్వాత ఉన్నవి రెండే గడులు: పురుషుడు, స్త్రీ. ఆఖరుసారి తాగి పది గంటలు దాటడంతో ఆమె వేళ్లు వణుకుతున్నాయి. ఎంత తాగుతున్నారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో ఎవరూ అడగకముందే, ఆమెను ఏ వార్డులో ఉంచాలన్న వాదన ఆమె ఎదుటే మొదలైంది. కాసేపు విని, పెన్ను బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

ఏళ్ల తరబడి విపరీతంగా తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. అలాంటి స్థితిలో ఆమెను గడప దాటనిచ్చాం.

నిత్యం ఎదురయ్యే తిరస్కారం, దాన్ని ముందే ఊహించుకునే భయం, తనను దాచుకునే శ్రమ ఆరోగ్యాన్ని ఎలా తినేస్తాయో వివరిస్తూ పరిశోధకుడు ఇలాన్ మేయర్ 2003లో అల్పసంఖ్యాకుల ఒత్తిడి సిద్ధాంతాన్ని విస్తరించి రాశారు. స్వలింగ, ద్విలింగ ఆకర్షణ గలవారి గురించి చెప్పిన ఆ మాటను తర్వాతి పరిశోధకులు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ అన్వయించారు. నేను విన్న కథల్లో దానికి తోడు మరొకటి ఉంది: చాలామందికి తాము ఎంచుకున్న పేరుతో తమను పిలిచిన మొదటి స్నేహితులు దొరికింది తాగే చోటే. అలాంటివారిని తాగుడు మానమనడమంటే, ఒక రకంగా, ఉన్న ఒక్క కుటుంబాన్నీ వదులుకోమనడమే. ఆ వెలితిని ఏది పూరిస్తుందో ఆలోచించకుండా ఇచ్చే సలహా ఎవరికీ అక్కరకు రాదని నా నమ్మకం.

ట్రాన్స్ మహిళలు వాడే హార్మోన్ల సంగతీ అంతే. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ వాడుతూ పొగతాగితే రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి, ఆ మందుల గురించి వైద్యుడికి తెలియాలి. కానీ చెబితే ఆపేస్తారన్న భయంతో దాచిపెట్టినవారిని చూశాను. ముందు జెండర్ సంగతి తేలాలి, మద్యం సంగతి తర్వాత అనేవారూ ఉన్నారు. ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మానసిక రుగ్మతల జాబితాలోంచి తొలగించింది, తేలవలసిందేమీ లేదు.

ఆమె వెళ్లిపోయాక ఫారం మార్చమని పట్టుబట్టాను. ఇప్పుడు అందులో పేరు తర్వాత వచ్చే ప్రశ్న, ఆఖరుసారి ఎప్పుడు తాగారన్నది. ఏ వార్డులో ఉంటే భద్రంగా అనిపిస్తుందో విడిగా, తలుపు మూసి అడుగుతాం. ఆమె మాత్రం తిరిగి రాలేదు.