ఎర్రనీటి కింద చప్పుడు

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వస్తున్నాను. పక్కన మా మేనల్లుడు ఉన్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. రెండు మోటారు సైకిళ్ల మధ్య ఇరుక్కుని నిలబడి ఫోను చూసుకుంటున్నవాడు ఉన్నట్టుండి దాన్ని నా కళ్ల ముందు పెట్టాడు. చైనా తన మూడో విమానవాహక నౌకను నౌకాదళంలో చేర్చుకున్న దృశ్యాలు. ఓడ పేరు ఫుజియాన్. 2025 నవంబరు 5న హైనాన్ ద్వీపంలోని సాన్యా రేవులో ఆ వేడుక జరిగింది.

"మామయ్యా, ఎనభై వేల టన్నులట. మన విక్రాంత్ నలభై అయిదు వేలే కదా. ఇది మన సముద్రంలోకి వస్తే మనం ఏం చేస్తాం?"

పంటు అవతలి ఒడ్డు చేరేలోపు చెప్పగలిగే జవాబు కాదది. నేను నౌకాదళంలో పదిహేనేళ్లు సోనార్ ముందు, అంటే నీటి కింద చప్పుళ్లను పట్టే యంత్రం ముందు కూర్చుని, 2009లో బయటికి వచ్చినవాణ్ని. ఆ రాత్రి అరుగు మీద వాడికి చెప్పిందీ, నిద్రొచ్చి వాడు లేచిపోతే చెప్పకుండా మిగిలిపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక పాత ఓడ కథ చెప్పాను. యుక్రెయిన్‌లోని ఓడల కర్మాగారంలో సోవియట్ వాళ్లు వర్యాగ్ అనే విమానవాహక నౌకను కడుతుండగానే ఆ దేశం ముక్కలైంది. మూడింట రెండు వంతులు పూర్తయిన ఓడ రేవులోనే తుప్పు పట్టసాగింది. 1998లో హాంకాంగ్ వ్యాపారి ఒకాయన, వయసులో ఉండగా చైనా సైన్యం తరఫున బాస్కెట్‌బాల్ ఆడినవాడు, దాన్ని రెండు కోట్ల డాలర్లకు కొన్నాడు. మకావులో నీటి మీద తేలే జూదశాల కడతామని చెప్పారు. తనంతట తాను కదలలేని ఓడకు టగ్గులు కట్టి లాక్కుపోతుంటే బాస్ఫరస్ జలసంధి దగ్గర టర్కీ ఆపేసింది. ఏడాదికి పైగా నల్లసముద్రంలోనే పడి ఉంది. 2001 నవంబరులో దారి వదిలితే, ఏజియన్ సముద్రంలో తుఫానుకు తాళ్లు తెగి కొట్టుకుపోయింది. మళ్లీ పట్టి కట్టారు. సూయజ్ కాలువ దారి దొరకలేదు. ఆఫ్రికా ఖండం చుట్టూ తిప్పి, హిందూ మహాసముద్రం దాటించి, 2002 మార్చిలో దాలియన్ రేవుకు చేర్చారు. ఇంకో పదేళ్లకు, 2012 సెప్టెంబరులో, ఆ ఓడే లియావోనింగ్ అనే పేరుతో చైనా మొదటి విమానవాహక నౌక అయింది.

దాన్ని విప్పి, చూసి, నేర్చుకుని 2019లో షాన్‌డాంగ్‌ను సొంతంగా కట్టుకున్నారు. మూడోదానికి ఆ పాత నమూనా కూడా అక్కర్లేకపోయింది. మొదటి రెంటికీ, మన విక్రాంత్‌కూ ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విమానం తన ఇంజను బలంతోనే ఆ వాలు మీదుగా ఎగరాలి, అందుచేత నిండా ఇంధనం, నిండా ఆయుధాలు మోయడం కష్టం. ఫుజియాన్ పైభాగం చదునుగా ఉంటుంది. విద్యుదయస్కాంత శక్తితో విమానాన్ని ఉండేలు లోంచి రాయి విసిరినట్టు విసురుతుంది. ఆకాశంలో చాలా దూరం కాపలా కాసే బరువైన రాడార్ విమానాలను కూడా అలా లేపవచ్చు. ఇలాంటి అయస్కాంత ఉండేలు దీనికి ముందు అమెరికా వాళ్ల జెరాల్డ్ ఫోర్డ్ ఓడ మీద మాత్రమే ఉండేది.

ఇది చెబుతున్నప్పుడు నాకు బాధగా అనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. మొదటి విక్రాంత్ 1961లోనే మన చేతికి వచ్చింది. అప్పటికి చైనాకు అలాంటి ఓడ ఒక్కటీ లేదు. యాభై ఏళ్లు ముందున్నాం. ఆ యాభై ఏళ్ల ఆధిక్యం ఎక్కడ కరిగిపోయిందంటే ఓడలు కట్టే చోటే అని నా గట్టి నమ్మకం. ఈ రోజు ప్రపంచంలో కొత్తగా కట్టే వాణిజ్య నౌకల్లో టన్నుల లెక్కన సగానికి పైగా చైనా రేవుల్లోనే పుడుతున్నాయి. మన వాటా నూటికి ఒకటి కూడా లేదు. సరుకుల ఓడలు కట్టే వెల్డర్లూ, ఉక్కూ, క్రేన్లే యుద్ధనౌకలకూ పనికొస్తాయి. మా డెల్టాలో కోరంగి, తాళ్లరేవుల్లో ఒకప్పుడు తెరచాప ఓడలు కట్టి సముద్రంలోకి దింపేవారు. ఆ రేవు నుంచి వెళ్లినవాళ్ల వల్లే బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. 1839 తుఫాను ఆ ఊరిని ఊడ్చేసింది, ఏటి మేట రేవును పూడ్చేసింది. ఇప్పుడు అక్కడికి మడ అడవులు చూడటానికి వెళతాం.

సరే, పైన తేలే ఓడ అందరికీ కనిపిస్తుంది. ఫోనులోనూ, ఉపగ్రహానికీ. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం కనిపించనిది. చైనా దగ్గర అన్ని రకాలూ కలిపి సుమారు 60 జలాంతర్గాములు ఉన్నాయి. అణు క్షిపణులు మోసేవాటి స్థావరం కూడా ఆ హైనాన్ ద్వీపంలోనే ఉంది. 2014లో వాళ్ల జలాంతర్గామి రెండుసార్లు కొలంబో రేవుకు వచ్చి ఆగింది. కొలంబో అంటే మనకు ఎంత దూరం? 2017లో బంగ్లాదేశ్ తన నౌకాదళంలో చేర్చుకున్న రెండు జలాంతర్గాములూ చైనా నుంచి వచ్చినవే. పాకిస్తాన్‌తో ఎనిమిదింటికి ఒప్పందం నడుస్తోంది.

వాటిని పట్టుకోవడానికి మనిషికి ఉన్నది చెవి ఒక్కటే. నీటిలో వెలుతురు కొద్ది దూరానికే ఆగిపోతుంది, రాడార్ తరంగాలు చొరబడవు. శబ్దం మాత్రం సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పోతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి బంగాళాఖాతాన్ని విన్న రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. చెవి నిండా పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టు ఒకటే మోత. అది తీరం దగ్గరి లోతు తక్కువ నీటిలో ఉండే ఒక రకం రొయ్య, కొండిని టక్కున మూసి చేసే చప్పుడట. లక్షల రొయ్యలు ఒకేసారి. దాని మీద వాన పడుతున్న జోరు, దాని మీద ఎక్కడో మర పడవ పంకా. ఇన్నింటి వెనక ఒక సన్నని, ఆగి ఆగి వచ్చే గుబగుబ ఉందా లేదా అని నాలుగు గంటలు వినాలి.

మా నాన్న పడవ ఆపి, తెడ్డును నీళ్లలో ముంచి, పిడిని చెవికి ఆనించి వినేవారు. కప్పల్లా అరిచే చేపల గుంపు ఎటు ఉందో చెప్పేవారు. నేను చేసిన ఉద్యోగం అదే అని ఆయనకు చివరిదాకా వివరించలేకపోయాను.

సోనార్‌లో అసలు చిక్కు నీటితోనే. శబ్దం నీటిలో సూటిగా పోదు. నీటి వేడి పెరిగితే దాని వేగం పెరుగుతుంది, ఉప్పు పెరిగితే పెరుగుతుంది, లోతు పెరిగినా పెరుగుతుంది. వేగం ఎటు తక్కువగా ఉంటే శబ్దం అటే వంగుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే జలాంతర్గామి ఎక్కడ దాక్కుంటుందో సగం అర్థమైనట్టే. పై పొర చల్లగానో, ఉప్పు తక్కువగానో ఉంటే చప్పుడు ఆ పొరలోనే చిక్కుకుని దూరాలు పోతుంది. ఆ పొర కిందకి దిగినవాడు మాత్రం వినబడడు. తలుపు వెనక నిలబడినట్టు.

మా ఓడ నుంచి కొన్ని గంటలకోసారి ఒక చిన్న గొట్టాన్ని సముద్రంలోకి వదిలేవాళ్లం. దానికి వెంట్రుకంత సన్నని రాగి తీగ ఉంటుంది. గొట్టం దిగుతున్నకొద్దీ తీగ విప్పుకుంటూ, ఏ లోతులో ఎంత వేడి ఉందో పైకి చెబుతుంది. కండె అయిపోగానే తీగ తెగిపోతుంది. వేలి మీద ఒకసారి ఆ తీగ తగిలితే చూశాను, ఉన్నట్టే తెలియలేదు. అంత సన్నని దాని మాట మీద ఓడలో ఉన్నవాళ్లందరి ప్రాణాలు ఆధారపడి ఉండేవి. అయితే అది వేడిని మాత్రమే చెబుతుంది. ఉప్పు ఎంతో చెప్పదు.

బంగాళాఖాతంలో అసలు మాయ అంతా ఉప్పులోనే ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, మన గోదావరి, కృష్ణ అన్నీ కలిసి ఈ సముద్రం మీద మంచినీటి దుప్పటి పరుస్తాయి. ఆషాఢంలో ఎర్రనీరు దిగినప్పుడు అంతర్వేది అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే ఆ గీత కంటికే కనిపిస్తుంది. ఇటు ఎరుపు, అటు నీలం. వానాకాలం వెళ్లాక ఉత్తరాన చేరిన మంచినీరు మన తూర్పు తీరాన్ని పట్టుకుని సన్నని పాయలా దక్షిణానికి దిగుతుంది. సముద్రంలో ఇంకో నది పారుతున్నట్టే. దీన్ని తేల్చింది గొప్ప గొప్ప ఓడలు కాదు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు తీరం వెంబడి చేపలు పట్టేవాళ్ల చేత అయిదు రోజులకోసారి సీసాల్లో నీళ్లు పట్టించి, ఏళ్ల తరబడి ఉప్పు కొలిచారు. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. నేను అప్పటికి ఇంట్లో ఉన్నాను. చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పదిహేనేళ్లు నేను వినడానికి తంటాలు పడిన నీటిని మావాళ్లే సీసాల్లోకి ఎత్తి ఇచ్చారు.

అందుకే ఫుజియాన్ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే ఓడలు వేరే ఉన్నాయి. వాటి మీద తుపాకులు ఉండవు. 2023 అక్టోబరులో చైనా ఓడ షి యాన్ 6 కొలంబోకు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వాళ్లదే షియాంగ్ యాంగ్ హాంగ్ 03 మాల్దీవుల రేవులో ఆగింది. పరిశోధన నౌకలు. నేల లోతు, నీటి వేడి, ఉప్పు, ప్రవాహం కొలుస్తాయి. ఆ కొలతలు వాతావరణ శాస్త్రానికీ పనికొస్తాయి, జలాంతర్గామి నడిపేవాడికీ పనికొస్తాయి. ఎవరి కోసమని విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. శ్రీలంక 2024 జనవరి నుంచి ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకలను రానివ్వకుండా ఆపింది. మన నీళ్ల గుట్టు మనకంటే పరాయివాడికి ఎక్కువ తెలియడం అనే రోజు రాకూడదని నా ఆరాటం.

మేనల్లుడు ఇక్కడ అడ్డుపడ్డాడు. "అంటే మనకు ఏమీ లేనట్టేనా?" ఉన్నాయి. విశాఖలో అరిహంత్ జలాంతర్గామి 2009 జులైలో నీటిలోకి దిగింది. అరిఘాత్ 2024 ఆగస్టులో నౌకాదళంలో చేరింది. రెండూ అణుశక్తితో నడిచేవి, మనం కట్టుకున్నవి. భూగోళం కూడా మన పక్షానే ఉంది. హైనాన్ నుంచి ఇటు రావాలంటే ఇరుకు జలసంధులు దాటాలి. మలక్కా కొన్నిచోట్ల పాతిక మీటర్ల లోతే. జలాంతర్గామి మునిగి రావడం అసాధ్యమంత కష్టం. 1971 డిసెంబరులో మన మొదటి విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ ముందే మునిగిపోయింది. తెల్లారాక నీటి మీద నూనె తెట్టు, శకలాలు చూసి కబురు తెచ్చినవాళ్లు చేపలు పట్టేవాళ్లే. వాడికి ఈ మాట బాగా నచ్చింది.

ఆ ఆదివారం మా బావ పడవ మీద వాణ్ని వశిష్ఠ మొగ దాకా తీసుకెళ్లాను. పాటు మొదలై నీరు సముద్రం వైపు జోరుగా లాగుతోంది. బావ ఇంజను ఆపేశాడు. తెడ్డు నీళ్లలో దించి పిడి చెవికి ఆనించుకోమన్నాను. వాడు కాసేపు మొహం చిట్లించాడు. తరవాత కదలకుండా ఉండిపోయాడు.

"ఆవాల చప్పుడే మామయ్యా," అన్నాడు మెల్లగా.

ఇంకా విను అన్నాను. చీకటి పడుతోంది. మొగ దగ్గర ఇసుక దిబ్బ అవతల ఏమీ కనిపించడం లేదు. చాలాసేపయ్యాక వాడు తెడ్డు వదలకుండానే చెయ్యి ఎత్తి తూర్పు వైపు చూపించాడు. బోటు వస్తోంది అన్నాడు. బావ లేచి నిలబడి చూసి, లేదురా, ఏమీ లేదు అన్నాడు. నేను వాచీ చూసుకున్నాను. దిబ్బ మలుపు లోంచి దీపం బయటపడేసరికి పదకొండు నిమిషాలు పట్టింది.