తిరుపతిలో కారు షెడ్డు: దగ్గరుండి కట్టించుకోవాలా, కాంట్రాక్టుకు ఇవ్వాలా?

ఇంటి పక్కన కారు షెడ్డు వేయించాలంటే మన వైపు మూడు దారులున్నాయి. సామానుతో సహా అడుగు రేటుకు కాంట్రాక్టు ఇచ్చేయడం ఒకటి. సామాను మనం తెచ్చి బేల్దారి మేస్త్రీకి లేబర్ కాంట్రాక్టు ఇవ్వడం రెండోది. రోజు కూలీ మీద దగ్గరుండి చేయించుకోవడం మూడోది. రేకుల షెడ్డు అయితే నా సలహా ఇది: పునాది, నేల మన చేతిలో ఉంచుకోవాలి, ఇనుప పని వెల్డింగ్ షాపుకు కిలో లెక్కన ఇవ్వాలి. పైన స్లాబు వేయించాలనుకుంటే మాత్రం లెక్క వేరు, అది చివర్లో చెబుతాను.

ముందు కొలతలు. చిన్న కారు పొడవు 4 మీటర్ల లోపే ఉంటుంది, పెద్ద ఎస్‌యూవీలు మామూలుగా 4.3 నుంచి 4.7 దాకా వస్తాయి. తలుపులు రెండు వైపులా తెరుచుకోవాలంటే లోపల 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉండాలి. 10 అడుగుల వెడల్పులో కారు పడుతుంది కానీ గోడ వైపు కూర్చున్నవాళ్లు దిగడానికి ఇరుకవుతుంది. స్థలం గుర్తుపెట్టే ముందే ఇంటి ప్లాను తీసి సెట్‌బ్యాక్ (హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన జాగా) చూసుకోండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి అయినా కార్పొరేషన్ పరిధి అయినా ప్లాను గీసిన ఎల్‌టీపీని (లైసెన్సున్న టెక్నికల్ మనిషిని) ఒక మాట అడగడం మంచిది. కట్టాక కూల్చే ఖర్చు ముందు అడిగే ఫీజుకంటే చాలా ఎక్కువ.

ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం మన కళ్లతో చూసుకోవాలి. 12 × 20 షెడ్డుకు ఐమూల కొలత (ఎదురెదురు మూలల మధ్య దూరం) రెండు వైపులా 23 అడుగుల 4 అంగుళాలు రావాలి. ఇక్కడ రెండు అంగుళాలు తేడా వస్తే రేకు వేసేటప్పుడు చివర వంకరగా కోయాల్సి వస్తుంది. కోసిన చోట తుప్పు మొదలవుతుంది.

ఇక గుంతలు. కాంట్రాక్టులో ఎక్కువగా మోసం జరిగేది ఇక్కడే, ఎందుకంటే మట్టి కప్పాక ఎవరికీ కనపడదు. ఆరు స్తంభాల షెడ్డుకు ఇనుము, రేకు అంతా కలిపినా బరువు 400–450 కిలోలు దాటదు. అంత తేలికైనదానికి లోతైన గుంతలెందుకని చాలామంది అడుగుతారు. గాలి కోసం. గంటకు 108 కిలోమీటర్ల గాలి వీస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి సుమారు 55 కిలోలు. 22 చదరపు మీటర్ల రేకు మీద అది 1,200 కిలోలు. గోడలు లేని షెడ్డులో గాలి కింద దూరి ఈ బలంతో రేకును పైకి లేపుతుంది. అడుగు × అడుగు × అడుగున్నర గుంతలో పడే కాంక్రీటు 100 కిలోలే, ఆరింటికీ కలిపి 600. అదే 2 × 2 అడుగుల గుంత, రెండున్నర అడుగుల లోతు తీస్తే ఒక్కోదానిలో దాదాపు 680 కిలోలు, ఆరింటికి 4 టన్నులు. బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల తరచూ గాలివాన చూసే ఊళ్లో ఈ తేడా దగ్గర పొదుపు చేయకూడదు. చెరువు పక్కన పడ్డ లేఅవుట్లలో పోసిన మట్టి ఉంటుంది. అక్కడ రెండున్నర అడుగులతో ఆగకుండా గట్టి నేల తగిలేదాకా తవ్వాలి.

కాంక్రీటు 1:1.5:3 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కలపాలి. బస్తా సిమెంటుకు 25 లీటర్ల నీళ్లు చాలు. కూలీలు పని సులువు కోసం ఇంకో బిందె పోస్తారు, కాంక్రీటు బలం పోయేది దాంతోనే. సామాను లెక్క ఇలా వస్తుంది: ఆరు గుంతలకు 14 బస్తాలు, నాలుగు అంగుళాల నేలకు 18, నేల కింద వేసే 1:4:8 బెడ్డుకు 8, మొత్తం 40 బస్తాలు. ఇసుక దాదాపు 100 ఘనపుటడుగులు, అంటే ఒక యూనిట్. 20 ఎంఎం కంకర 120, బెడ్డుకు 40 ఎంఎం కంకర 76 ఘనపుటడుగులు. నేలలో 8 ఎంఎం కమ్మి ఎనిమిదేసి అంగుళాలకు అడ్డం, నిలువు కడితే 20 కమ్ములు, 95 కిలోలు పడతాయి. ట్రాక్టర్ రాగానే తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలవండి. తడి ఇసుక పొంగి ఉంటుంది, పాతిక శాతం దాకా ఎక్కువగా కనపడుతుంది. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా ఊపి పక్కన పెట్టండి. మూడు గంటల తర్వాత ఇసుక మీద పేరిన ఒండ్రు ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే ఆ లోడు వెనక్కి పంపేయాలి.

నేల మట్టం రోడ్డుకంటే కనీసం ఆరు అంగుళాలు పైకి ఉండాలి. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లెలా నిలిచాయో చూసినవాళ్లు తొమ్మిది పెట్టమంటారు, నేనూ అదే అంటాను. లోపలి నుంచి గేటు వైపుకు 20 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు ఇవ్వండి. ర్యాంపు కింద మురుగు కాలువను కాంక్రీటుతో మూసేయకండి, ఎత్తి శుభ్రం చేసుకునే బిళ్లలు వేయించండి. నేల కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి పది రోజులు దాని మీద నీళ్లు నిలవాలి. మడులు కట్టి నింపితే రోజుకు రెండుసార్లు చూసుకుంటే చాలు. ఎండాకాలంలో గోనెసంచులు పరచాలి.

ఇనుప పనిని అడుగు రేటుకు ఇవ్వొద్దనడానికి కారణముంది. ఆ రేటులో పైపు మందం ఎవరూ రాయరు. 80 × 80 ఎంఎం స్తంభం 3.2 ఎంఎం మందమైతే మీటరుకు ఏడున్నర కిలోలు, 2.5 అయితే ఆరే. రంగు వేశాక రెండూ ఒకేలా ఉంటాయి. కిలో లెక్కన మాట్లాడుకుని వేబ్రిడ్జి రసీదు అడిగితే మందం తగ్గించి లాభపడే దారి ఉండదు. అడ్డదూలాలు 100 × 50, వాటి మీద 60 × 40 పైపులు నాలుగేసి అడుగులకు నాలుగు వరుసలు చాలు. వాలు 12 అడుగుల వైపు పెట్టి పక్కింటి గోడ మీద నీళ్లు పడకుండా మన వైపు దించాలి. పదికి ఒకటి చొప్పున ఎత్తు తేడా 14 అంగుళాలు వస్తుంది. రేకు 0.5 ఎంఎం కలర్ కోటెడ్, పదమూడున్నర అడుగుల పొడవువి ఏడు తెప్పిస్తే మధ్యలో అతుకే ఉండదు.

స్తంభాన్ని నేరుగా కాంక్రీటులో పాతనివ్వొద్దు. నేలతో కలిసే అంచు దగ్గర నీళ్లు చేరి కొన్నేళ్లకే తుప్పు తినేస్తుంది. నేలకు ఆరు అంగుళాలు పైకి దిమ్మె పోసి, నాలుగు 16 ఎంఎం బోల్టుల మీద 10 ఎంఎం ప్లేటు బిగించాలి. ఆ బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే చెక్క అచ్చుతో సరిగ్గా నిలబెట్టాలి కాబట్టి గుంతల రోజు వెల్డింగ్ మేస్త్రీ కూడా ఉండాలి. రేకు స్క్రూలు రబ్బరు వాషరు నలిగేదాకా బిగిస్తే మొదటి వానకే కారుతుంది. డ్రిల్లింగ్ రజను అదే సాయంత్రం ఊడ్చేయాలి, లేకపోతే మర్నాటి మంచుకే తుప్పు చుక్కలు పడతాయి.

ఇదంతా చూడటానికి ఇంట్లో ఒక మనిషి గుంతల రోజు, కాంక్రీటు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడగలగాలి. ఆ వీలు లేనివాళ్లు మొత్తం కాంట్రాక్టుకే ఇవ్వండి, తప్పేమీ లేదు. కానీ గుంత కొలత, పైపు మందం, రేకు మందం కాగితం మీద రాయించుకోండి. గుంతలు మనం చూసి సరేనన్నాకే కాంక్రీటు పోయాలని కూడా రాయించండి. పదో వంతు డబ్బు ఈశాన్య రుతుపవనాల మొదటి పెద్ద వాన దాకా ఆపుకుంటామని ముందే చెప్పాలి. పని జనవరి, ఫిబ్రవరిలో మొదలుపెడితే తవ్విన గుంతల్లో నీళ్లు నిండే బాధ ఉండదు.

స్లాబు షెడ్డుకు మాత్రం ఇంజనీరు డ్రాయింగు, అనుభవమున్న కాంట్రాక్టరు రెండూ కావాలి. సెంట్రింగ్ (స్లాబు గట్టిపడేదాకా కింద నిలిపే ఆధారం) జారితే మనుషుల ప్రాణాలు పోతాయి. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబుకు సపోర్టులు మామూలు (ఓపీసీ) సిమెంటుతో కనీసం 7 రోజులు ఉండాలి. పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) వాడితే ఇంకా ఎక్కువ రోజులు ఆగాలి. సామాను వేరే పనికి కావాలని ముందే ఊడదీస్తామంటే ఒప్పుకోకండి.