పాప పిల్లికూతలు, మా మిరియం

పోయిన ఏడాది ఆగస్టు వానల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఎవరిదో స్కూటర్ కింద ముడుచుకుని దొరికింది మా పిల్లి. నల్లగా గుండ్రంగా ఉందని మా పాపే దానికి మిరియం అని పేరు పెట్టింది. పాపకి అప్పుడు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మేముండేది విశాఖలో. సముద్రపు గాలి తగిలే ఇల్లు, ఏడాది పొడుగునా తేమ. ఈ తేమ సంగతి తర్వాత పెద్ద విషయమే అయింది.

సెప్టెంబరు నడిమికి పాపకి తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున లేస్తూనే వరసగా పది, పన్నెండు. ఆ తర్వాత రాత్రి దగ్గు. మొదట చూపించిన చోట జలుబేనన్నారు, రెండు విడతలు యాంటీబయాటిక్ వాడాం. ఏమీ తేడా లేదు. ఒక రాత్రి రెండింటికి పాప పక్కన పడుకుని ఉంటే దాని ఛాతీలోంచి సన్నగా ఈల లాంటి చప్పుడు వినిపించింది. అత్తయ్యగారు లేచి వచ్చి, చెవి ఆనించి విని, "పిల్లికూతలమ్మా ఇవి" అన్నారు. ఆ చప్పుడుకి ఆ పేరు ఎప్పట్నుంచో ఉన్నదే. కానీ ఆ మాట వినగానే అందరి చూపూ గుమ్మం దగ్గర పడుకున్న మిరియం మీదికి పోయింది.

పిల్లి వెంట్రుక ఊపిరితిత్తుల్లోకి పోతే ఆయాసం పట్టుకుంటుందని, దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మని అత్తయ్యగారు పట్టుబట్టారు. పాప అన్నం మానేసింది. చివరికి మా ఆయన స్నేహితుడింట్లో పది రోజులు ఉంచి చూశాం. దగ్గు కాస్త కూడా తగ్గలేదు. అయితే పిల్లి వల్ల కాదులే అని తెచ్చేసుకున్నాం. తీరా దసరా సెలవులకి మా అమ్మావాళ్ల ఊరెళ్తే, నాలుగో రోజుకల్లా దగ్గు సగానికి తగ్గింది. పిల్లి ఇంట్లో లేకపోయినా దగ్గు ఉంది, పాప ఇల్లు దాటితే తగ్గింది. ఈ లెక్క నాకు ఎంతకీ తెగలేదు. నవంబరు, డిసెంబరు సిరప్‌లతోనే గడిపేశాం. ఆ రెండు నెలలు పోగొట్టానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జనవరిలో అలర్జీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ ముందు పరీక్షలేవీ రాయలేదు, అరగంట సేపు ప్రశ్నలే అడిగారు. తుమ్ములు ఏ వేళకి ఎక్కువ? కళ్లు దురద పెడతాయా? పరుపు దూదిదా, ఫోమా? స్కూల్లో కూడా దగ్గుతుందా? అవును, స్కూల్లోనూ దగ్గేది. అందుకే నేను పిల్లి మీద అనుమానం సగం వదిలేశాను, స్కూల్లో పిల్లి లేదు కదా అని.

చర్మం మీద చేసే ప్రిక్ టెస్టుకి వారం ముందు నుంచి అలర్జీ మాత్రలు ఆపెయ్యాలి, లేకపోతే ఫలితం సరిగా రాదు. ఆ వారం మాకు నిద్రల్లేవు. టెస్టు మాత్రం భయపడినంత లేదు. ముంజేయి లోపలి వైపు పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో అలర్జీ పదార్థం కలిపిన చుక్క వేశారు. ప్రతి చుక్కలోంచీ చర్మం మీద చిన్న సూదిమొనతో నొక్కారు. రక్తం రాలేదు. పావుగంట గోక్కోకూడదన్నారు. పాప నా బొటనవేలు గట్టిగా పట్టుకుని సీలింగ్ ఫ్యాన్ వంకే చూస్తూ కూర్చుంది. నా కళ్ల ముందే రెండు చోట్ల దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచాయి, ఎర్రగా, అంచులు తేలి. డాక్టరు పారదర్శకంగా ఉన్న స్కేలు పెట్టి కొలిచారు. పోల్చి చూడ్డానికి వేసిన ఉప్పునీటి చుక్క దగ్గర ఏమీ లేదు, అది ఉండకూడదు కూడా. బొద్దింక దగ్గర ఏమీ లేదు. పిల్లి దగ్గర 6 మిల్లీమీటర్లు. దుమ్ములో ఉండే మైట్ అనే పురుగు దగ్గర 8. దద్దురు పెద్దదైతే అలర్జీ ఉండే అవకాశం ఎక్కువని అర్థం తప్ప జబ్బు ముదిరిందని కాదని ఆవిడ అప్పుడే చెప్పారు. ఆ మాట విన్నాక కొంచెం టెన్షన్ తగ్గింది.

ఊపిరి ఎంత బలంగా వదలగలదో కొలిచే స్పైరోమెట్రీ కూడా చేశారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఊపిరి గొట్టాలు తెరిచే మందు నాలుగు పఫ్‌లు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. రెండోసారి ఊదిన గాలి 12 శాతం మించి పెరిగితే ఆస్తమా వైపు చూడాలట. పాపకి పెరిగింది.

వెంట్రుక సంగతి ఆ రోజే తేలింది. అలర్జీ తెప్పించేది వెంట్రుక కాదు. ఫెల్ డి 1 అనే ప్రోటీన్. అది పిల్లి లాలాజలంలోనూ, చర్మంలోని నూనె గ్రంథుల్లోనూ ఉంటుంది. పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది కదా, ఆ తడి ఆరి, చుండ్రులాంటి పొట్టుతో కలిసి పొడిలా రాలుతుంది. ఎంత సన్నని పొడి అంటే గంటల తరబడి గాలిలోనే తేలుతుంది, గోడలకీ సోఫాకీ బట్టలకీ అంటుకుంటుంది. పిల్లిని పంపించేసినా ఇంట్లో అది బాగా తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మేం చేసిన పది రోజుల పరీక్ష ఎందుకూ పనికిరానిదన్నమాట. ఊళ్లో ఎందుకు తగ్గిందో కూడా అర్థమైంది. అక్కడ ఆ పొడీ లేదు, మా దూది పరుపూ లేదు. తేమ గాలి ఉన్న ఊళ్లలో మైట్లకి పాత పరుపులు, దిండ్లు పుట్టిల్లు లాంటివట.

డాక్టరు ఖరాఖండిగా ఒక మాట చెప్పారు. మందులు సరిగ్గా వాడుతూ, ఇంట్లో మార్పులు చేసుకుని మూడు నెలలు చూద్దాం, అప్పటికీ ఆయాసం అదుపులోకి రాకపోతే పిల్లికి వేరే ఇల్లు చూడాల్సిందే. పాపకి ఆ మాట నేనే చెప్పాను. దాచలేదు.

ఇన్‌హేలర్ అంటే అత్తయ్యగారికి భయం, అలవాటైపోతుందని. మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది కాబట్టి మైక్రోగ్రాముల్లో సరిపోతుందని డాక్టరు ఆవిడకే వివరంగా చెప్పారు. ఇన్‌హేలర్‌కి స్పేసర్ అనే గొట్టం పెట్టి పీల్చడం, అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మడం పాపకి రెండు రోజుల్లో వచ్చేసింది. ముక్కు స్ప్రే దగ్గర నేను తప్పు చేస్తున్నానని తేలింది. ఎడమ ముక్కుకి కుడి చేత్తో, కుడి ముక్కుకి ఎడమ చేత్తో కొట్టాలి, మొన చెవి వైపు ఉండాలి. నడిమి గోడకి కొడితే ముక్కులోంచి రక్తం వస్తుంది.

ఇక ఇల్లు. పడకగదిలోకి మిరియం రాకూడదు, ఇది మొదటిది. తొమ్మిది రాత్రులు తలుపు గోకుతూ ఏడ్చింది. లోపల పాప కూడా ఏడ్చింది. పదో రాత్రి నుంచి హాల్లోనే పడుకుంది. పెళ్లిలో అమ్మ పెట్టిన దూది పరుపు తీసేశాం, కొత్తదానికి మైట్లు దాటలేని జిప్పు తొడుగు వేశాం. దుప్పట్లు, గలీబులు వారానికోసారి మెషీన్‌లో 60 డిగ్రీల నీళ్లలో. మందపాటి కర్టెన్లు తీసి పల్చని నూలువి కట్టాం. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్మంతా లేచి మంచం మీదే దిగుతుంది, అందుకని పాప స్కూలుకి వెళ్లాకే ఊడ్చి, వెంటనే తడిగుడ్డ పెట్టిస్తున్నాను. ఫ్యాన్ రెక్కకి పాత గలీబు తొడిగి లాగితే బూజు మొత్తం లోపలే పడుతుంది. పడకగదికి సన్నని పొడిని కూడా పట్టే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫైయర్ కొన్నాం. పిల్లికి స్నానం రెండుసార్లు చేయించి మానేశాం. దాని ఫలితం కొద్ది రోజులేనట, అది పడే హింస మాత్రం చూడలేకపోయాను. మార్చిలో దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, గండుపిల్లుల్లో ఆ తర్వాత ఫెల్ డి 1 కొంత తగ్గుతుంది.

ఇన్ని చేసినా స్కూల్లో దగ్గు మాత్రం ఆగలేదు. ఒక శనివారం మధ్యాహ్నం హాల్లోకి వచ్చి చూద్దును కదా, ఇస్త్రీ అబ్బాయి అప్పుడే తెచ్చి కుర్చీలో పెట్టిన బట్టల దొంతర మీద, ఆ వెచ్చదనానికి, మిరియం చుట్టచుట్టుకుని నిద్రపోతోంది. పైన ఉన్నది పాప యూనిఫాం. తెల్ల చొక్కా మీద దాని నల్ల వెంట్రుకలు, అక్కడక్కడా నాకిన తడి. ఎన్ని నెలలుగా ఆ చొక్కాలే తొడిగి పంపుతున్నానో! ఆ రోజు నుంచి ఇస్త్రీ బట్టలు గుమ్మంలోనే అందుకుని నేరుగా పడకగది బీరువాలో పెడుతున్నాను. రెండు వారాల్లో స్కూలు దగ్గు పోయింది.

మే నెలలో మళ్లీ ఊదించారు, బాగుంది. రాత్రి దగ్గు ఏప్రిల్ నుంచే లేదు. మైట్లకి ఒళ్లు మెల్లగా అలవాటు పడేలా చేసే ఇమ్యునోథెరపీ అనే చికిత్స ఉందని, అది మూడు నుంచి ఐదేళ్లు వరసగా చేయించుకోవాలని చెప్పారు, ఈ వానాకాలం ఎలా గడుస్తుందో చూసి నిర్ణయిద్దామన్నారు. ఇన్‌హేలర్ ఆపలేదు, డోసు తగ్గించారు. పాప ఇప్పుడు మిరియంతో ఆడాక తనే వెళ్లి చేతులూ ముఖం కడుక్కుని, గౌను మార్చుకుని, పడకగది తలుపు వేసుకుంటుంది. ఇస్త్రీ అబ్బాయి బెల్ కొట్టగానే మిరియం వెళ్లి ఆ కుర్చీ ఎక్కి కూర్చుంటుంది.