ఎన్‌క్లెక్స్ అయిపోయింది కదా, మళ్లీ సీసీఆర్‌ఎన్ ఎందుకు?

ఎన్‌క్లెక్స్ అంటే అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష. సీసీఆర్‌ఎన్ అంటే ఐసీయూ నర్సులు ఆ తర్వాత కావాలనుకుంటే రాసే సర్టిఫికేషన్ పరీక్ష. అమెరికా వచ్చాం, ఐసీయూలో ఉద్యోగం ఉంది, ఇంకా ఈ చదువుల గోలేంటని మన నర్సులు చాలామంది అడుగుతున్నారు. జీతం కోసమే అయితే ముందు మీ హెచ్‌ఆర్‌ని కనుక్కోండి. కొన్ని హాస్పిటళ్లు గంటకు కొంత కలుపుతాయి, కొన్ని బ్యాడ్జి పిన్ను చేతిలో పెట్టి చప్పట్లతో సరిపెడతాయి. నేను ఈ పరీక్ష రాసింది వేరే కారణానికి. రోజూ చేసే పనే, కానీ ఎందుకు చేస్తున్నావని అడిగితే సగం దగ్గరే ఆగిపోయేదాన్ని.

బీపీ 82/40 ఉన్న ఇద్దరు పేషెంట్లను తీసుకోండి. ఒకరికి చేతులు వెచ్చగా ఉన్నాయి, ఎస్‌వీఆర్ (రక్త ప్రవాహానికి రక్తనాళాలు చూపే అడ్డు) తక్కువ: సెప్టిక్ షాక్, అంటే ఇన్‌ఫెక్షన్ వల్ల బీపీ పడిపోవడం. ఇంకొకరికి చేతులు చల్లగా, ఊపిరితిత్తుల నిండా క్రాకిల్స్ (నీరు చేరినప్పుడు వినిపించే చిటపట శబ్దాలు), ఎస్‌వీఆర్ ఎక్కువ: కార్డియోజెనిక్ షాక్, అంటే గుండె సరిగ్గా పంపు చేయకపోవడం. మొదటివారికి కిలోకు 30 ఎంఎల్ చొప్పున ఫ్లూయిడ్ ఇస్తాం. రెండోవారికి అలా ఎక్కిస్తే ఊపిరి ఆడదు. అందుకే హీమోడైనమిక్స్ (ఒంట్లో రక్త ప్రవాహం, ఒత్తిడి తీరు) బట్టీ పట్టకండి. డ్యూటీలో బీపీ పెంచే లెవోఫెడ్ మందు రేటు మార్చిన ప్రతిసారీ ప్రీలోడ్ (గుండెలోకి వచ్చి నిండే రక్తం), ఆఫ్టర్‌లోడ్ (గుండె నెట్టాల్సిన ఎదురు ఒత్తిడి), కాంట్రాక్టిలిటీ (గుండె కండరం ముడుచుకునే బలం)... వీటిలో ఏది మారుతోందో మనసులో చెప్పుకోండి. నాకు పుస్తకం కన్నా అదే ఎక్కువ పనికొచ్చింది.

ఈ పరీక్షలో మనవాళ్లు తేలిగ్గా వదిలేసేది ఎథిక్స్ భాగం. నన్నడిగితే మనకు అసలు కష్టం అక్కడే. సీపీఆర్ జరుగుతోంది, భార్య లోపలే ఉంటానంటోంది. మనం ఇండియాలో నేర్చుకున్నది "బయట ఉండండమ్మా" అని కర్టెన్ లాగేయడం. ఇక్కడ సరైన జవాబు ఆమెను ఉండనిచ్చి, పక్కన ఒక స్టాఫ్‌ని నిలబెట్టడం. డాక్టరు ఆర్డరు మీద అనుమానం వస్తే నోరు విప్పి అడగడం కూడా ఇందులోదే. "సార్ చెప్పారు కాబట్టి చేశాను" అన్న ధోరణి ఉన్న ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి.

పరీక్ష 3 గంటలు, 150 ప్రశ్నలు. అందులో 25 ప్రశ్నలకు మార్కులు లెక్కించరు, అవేవో మనకు తెలీదు. కాబట్టి వింత ప్రశ్న వస్తే దాని దగ్గరే కూర్చోకండి. అర్హతకు అమెరికా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సుతో పాటు, రెండేళ్ల లెక్కన అప్లై చేస్తే, గత రెండేళ్లలో 1,750 గంటల క్రిటికల్ కేర్ డ్యూటీ ఉండాలి, అందులో 875 చివరి ఏడాదివై ఉండాలి. అప్లికేషన్ ఓకే అయ్యాక 90 రోజుల్లో రాసేయాలి కాబట్టి, డ్యూటీ షెడ్యూలు చేతికొచ్చాకే డబ్బు కట్టండి. వరుస నైట్లు దిగిన మర్నాడు మాత్రం స్లాటు పెట్టుకోవద్దు.