ఆర్నెల్ల స్నేహాలు, ఆపైన

బుధవారం. అక్టోబరు నెల.

ఈరోజు చీరాల వదినగారి ఇండియా ప్రయాణం. ఫ్లైట్ రాత్రికి. అయినా పొద్దున వాకింగ్ మాత్రం మానలేదావిడ. "సర్దడం అయిపోయింది. ఇంకా ఇంట్లోనే కూర్చుంటే మా అబ్బాయి మళ్ళీ పెట్టెలు తూకం వేస్తానంటాడు" అంటూ వచ్చేశారు. రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. వాటి నిండా బాదంపప్పు, సబ్బులు, విటమిన్ మాత్రలు, తోటికోడళ్ళకి హ్యాండ్‌బ్యాగులు. ఆవిడ చీరలు మాత్రం కొన్ని ఇక్కడే ఉండిపోయాయట. మళ్ళీ రావాలి కదా అని కోడలు అలమరలో పెట్టిందట. ఆ మాట చెబుతున్నప్పుడు వదినగారి మొహం వెలిగిపోయింది.

దసరా వెళ్ళిందంటే కాలిఫోర్నియాలోని మా ఫ్రీమాంట్‌లో ఇదే వరస. ఏప్రిల్, మే నెలల్లో దిగుతారు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి మామూలుగా ఇచ్చే గడువు ఆరు నెలలు. చలి ముదిరేలోగా తట్టా బుట్టా సర్దుకుంటారు. వేసవిలో లేక్ ఎలిజబెత్ అనే చెరువు చుట్టూ మేం ఆడవాళ్ళం బాట నిండా నడుస్తుంటే వెనక సైకిళ్ళవాళ్ళు గంట కొట్టుకుంటూ విసుక్కునేవాళ్ళు. ఇప్పుడు నేనూ, ఖమ్మం అక్కా, అప్పుడప్పుడు రాజమండ్రి పిన్నిగారూ మిగిలాం. బాటంతా బాతులదే. బాతులంటే మన ఊరి బాతులు కావు, కెనడా గూస్ అంటారు, ఒక్కోటి మేకపిల్లంత ఉంటుంది. అవి చేసే ఆగం తొక్కకుండా నడవడమే పెద్ద వ్యాయామం.

ఆ ఎలిజబెత్ ఎవరా అని నేను వచ్చిన కొత్తలో అడిగాను. ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ అని ఒక ఊరుందట, ఫ్రీమాంట్‌కి అది సిస్టర్ సిటీ, ఆ ఊరి పేరే చెరువుకి పెట్టారట. ఊళ్ళకి కూడా అక్కచెల్లెళ్ళు ఉండాలన్నమాట.

మాకు గ్రీన్‌కార్డు. అబ్బాయి సిటిజన్ అయ్యాక మా ఇద్దరికీ పెట్టాడు. విజిటర్ వీసావాళ్ళు ఇక్కడ ఆర్నెల్లు దాటి ఉండకూడదు. మేమేమో అక్కడ ఆర్నెల్లు దాటి ఉంటే ముందు ముందు సిటిజన్‌షిప్‌కి చిక్కు. ఎటూ లెక్క ఆర్నెల్లే. తేడా ఏమిటంటే వాళ్ళు వెళ్ళిపోతారు, నేను ఇక్కడ ఉండి చేయి ఊపుతాను. ఏటా కొత్త ముఖాలు, కొత్త ఊళ్ళు, మళ్ళీ మొదటి నుంచి "మీ అబ్బాయి ఎందులో చేస్తాడండీ" అనే ప్రశ్న. చీరాల వదినగారి లాంటివాళ్ళు దొరికాక ఇంకో ఆవిడతో మళ్ళీ అఆలు దిద్దాలంటే ఓపిక ఉండదు.

బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆవిడ తన వాకింగ్ జాకెట్ నాకిచ్చారు. నీలం రంగుది, చెవుల దాకా టోపీ ఉన్నది. "చీరాలలో దీన్ని వేసుకుంటే పిచ్చిదనుకుంటారు, మీరు వాడండి" అన్నారు. పెరట్లో కుండీల్లో ఉన్న గోంగూర కూడా నాకే అప్పగించారు. కరివేపాకు మొక్క ఇస్తానంటే మా అబ్బాయి వద్దన్నాడు. నిమ్మ, నారింజ చెట్లని పాడుచేసే ఒక పురుగు దాని మీద చేరుతుందట. అందుకే కాలిఫోర్నియాలో ఆ మొక్కని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళడానికి ఆంక్షలున్నాయి. కరివేపాకు ఇచ్చిపుచ్చుకోవడానికి కూడా రూల్సా అని వదినగారు నోరెళ్ళబెట్టారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ స్నేహం కోసం నేను ఏమీ చేయలేదు. 1983లో టెలిఫోన్స్‌లో ఆపరేటర్‌గా చేరాను. దూరపు ఊళ్ళ కాల్స్ కలిపే ట్రంక్ బోర్డు ముందు పక్కపక్కన కుర్చీలు, ఒకే షిఫ్టు, ఒకరి టిఫిన్ బాక్సులో ఇంకొకరి చేయి. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి స్నేహితురాలు కాకుండా ఎలా ఉంటుంది! 2020 జనవరి 31న వీఆర్ఎస్ మీద బీఎస్ఎన్ఎల్ నుంచి దేశం మొత్తం మీద 78 వేల మందికి పైగా ఒక్కసారే బయటికొచ్చాం. ఆ రోజు పంచిన లడ్డూల రుచి నాకు గుర్తు లేదు కానీ, కుర్చీ పోయిందంటే పక్క కుర్చీ కూడా పోయినట్టేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పిల్లలు ఏమీ చేయరని కాదు. శనివారం గెట్ టుగెదర్‌లకి తీసుకెళ్తారు. పెద్దవాళ్ళందరినీ ఒక సోఫాలో వరసగా కూర్చోబెట్టి, "ఆంటీ వాళ్ళది కూడా గుంటూరే అమ్మా, మాట్లాడుకోండి" అని చెప్పి వాళ్ళు పెరట్లోకి వెళ్తారు. మేం మాట్లాడుకుంటాం. ఇంటిపేరు, ఊరు, ఆ తర్వాత చుట్టూ తిప్పి తిప్పి అడిగే ఆ ఇంకో ప్రశ్న. దానికి నేను మిరపకాయ బజ్జీ అందుకుని జవాబు తప్పించుకుంటాను. ఒక్కోసారి నిజంగానే నచ్చే మనిషి తగులుతుంది. కానీ ఆవిడ ఇల్లు ట్రేసీలోనో శాన్ రమోన్‌లోనో ఉంటుంది. మళ్ళీ కలవాలంటే ఆవిడ అల్లుడికి తీరిక ఉండాలి, మా అబ్బాయికి తీరిక ఉండాలి, వాళ్ళిద్దరికీ పొసగాలి. పిల్లలకి మాట పట్టింపు వస్తే మా స్నేహం కూడా అక్కడితో సరి. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయంలో కలుద్దామనుకున్నా కారు లేనిదే కుదరదు.

నా మటుకు నేను తేల్చుకున్నది ఇదీ: ఎవరినీ అడగకుండా నేను వెళ్ళగలిగినంత దూరంలో ఉన్నవాళ్ళే నాకు స్నేహితులవుతారు. ఆ దూరాన్ని పెంచుకోవడమే నా పని.

దాన్ని పెంచింది గుజరాతీ బెన్. గుజరాత్‌లోని ఆనంద్ అనే ఊరి నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది, భర్త పోయారు, కూతురింట్లో ఉంటుంది. బెన్ అంటే వాళ్ళ భాషలో అక్కచెల్లెలు. నేను ఆవిడని బెన్ అంటాను, ఆవిడ కూడా నన్ను బెన్ అనే అంటుంది. సీనియర్ సెంటర్లో యోగా క్లాసు దగ్గర పరిచయం. నాది టీవీ చూసి నేర్చుకున్న హిందీ, ఆవిడది గుజరాతీ కలిసిన హిందీ. మోకాళ్ళ నొప్పులకీ, కోడళ్ళకీ, కూతుళ్ళకీ ఆ మాత్రం హిందీ చాలు. బస్సెక్కడం నేర్పింది ఆవిడే. డ్రైవరుకి ముందు గుడ్ మార్నింగ్ చెప్పాలట, దిగేటప్పుడు థాంక్యూ. దిగాలంటే కిటికీ పక్కనున్న తాడు లాగాలి. మొదట్లో ఆ తాడు లాగడానికి నాకు ఎంత టెన్షనో! చైను లాగితే రైలు ఆగి ఫైన్ వేస్తారని పెరిగినవాళ్ళం కదా.

ఈ ఏడే నాకు 65 నిండి సీనియర్ క్లిప్పర్ కార్డు వచ్చింది. బస్సులోనూ బార్ట్ రైల్లోనూ అదే చూపించాలి, టికెట్టు బాగా తగ్గుతుంది. ఉబర్ బుక్ చేస్తానమ్మా అంటాడు అబ్బాయి. ఉబర్ అయితే నేను ఎక్కడ ఎక్కానో ఎక్కడ దిగానో వాడి ఫోనుకి వస్తుంది. వాడికి చెప్పకూడనిదేమీ లేదు, అయినా బస్సే బాగుంది.

ఇంకొకావిడ ఉంది, చైనావిడ. పేరు నాకు నోరు తిరగదు, నా పేరు ఆవిడకి తిరగదు. చెరువు గట్టున చెట్ల కింద చిన్న స్పీకరు పెట్టుకుని కొందరు విసనకర్రలతో వ్యాయామం చేస్తారు, వాళ్ళలో ఒకావిడ. రోజూ తల ఊపుకునేవాళ్ళం, అంతే. వేసవిలో ఒకరోజు ఆవిడ సంచీలో కాకరకాయలు కనిపించి ఆగిపోయాను. మనవి కావవి. లేత ఆకుపచ్చగా, బారుగా, మన వాటంత గరుకు లేకుండా నున్నటి బుడిపెలతో ఉంటాయి. నేను చూస్తున్నానని ఒకటి తీసి చేతిలో పెట్టింది. ఫోనులో ఏదో మాట్లాడితే అది ఇంగ్లీషులో చెప్పింది: గుడ్డుతో వేయించండి, షుగరుకి మంచిది. నేను నా ఫోనులో తెలుగులో చెప్పాను: మేము బెల్లం వేస్తాం. అది చైనా భాషలోకి ఏమని మారిందో, ఆవిడ పడి పడి నవ్వింది. మర్నాడు గోంగూర కట్ట ఇచ్చాను. సూప్ చేసుకుందట. ఫోటో చూపించి కళ్ళు మూసుకుని పుల్లగా మొహం పెట్టింది. ఈరోజు నీలం జాకెట్ చూసి బొటనవేలు పైకెత్తింది.

మావారికి ఈ కష్టాలేవీ లేవు. మగవాళ్ళ గుంపు పార్కింగ్ పక్క బెంచీల మీద చేరుతుంది. ఎవరు వచ్చినా ఎవరు వెళ్ళినా విషయం ఒకటే, అక్కడి రాజకీయాలు. రాత్రి యూట్యూబ్‌లో చూసిన చర్చ పొద్దున మళ్ళీ వీళ్ళు చేస్తారు. ఈ ఊళ్ళో ఇది కొత్తేమీ కాదు. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు కొందరు హబ్ అనే మాల్ దగ్గర వారంలో ఐదు రోజులు చేరి టీ తాగేవాళ్ళట, తమకి హండ్రెడ్ ఇయర్స్ లివింగ్ క్లబ్ అని పేరు కూడా పెట్టుకున్నారు. 2009లో న్యూయార్క్ టైమ్స్ వాళ్ళ గురించి రాసింది. అందులో అందరూ మగవాళ్ళే. నూరేళ్ళు బతికేవాళ్ళు వాళ్ళు, ఇంటి దగ్గర వాళ్ళ మనవల ముక్కులు తుడిచినవాళ్ళు ఎవరో రాయనక్కర్లేదు.

పది దాటాక అందరం లేచాం. వదినగారు కాళ్ళకి దణ్ణం పెట్టనివ్వలేదు. "నాకన్నా నువ్వే పెద్దేమో, వయసు ఎప్పుడన్నా నిజం చెప్పావా?" అన్నారు. ఇన్నాళ్ళూ మీరు మీరు అన్న మనిషి ఈరోజు నువ్వు అన్నారు. ఖమ్మం అక్క మాత్రం ఏడ్చేసింది. ఆవిడకీ గడువు దగ్గర పడింది, నవంబరులో ప్రయాణం.

మధ్యాహ్నం ఏముంది, బట్టలు మడతలు, కునుకు. మూడింటికి మనవరాలిని బడి నుంచి తీసుకొచ్చాను. దారిలో "ఎవరూ లేకపోతే నువ్వు ఎవరితో నడుస్తావ్ నానమ్మా?" అంది. బెన్‌తో అన్నాను. "బెన్ అంటే అబ్బాయి పేరు కదా!" అని బడి నుంచి ఇంటి దాకా నవ్వుతూనే ఉంది. వాళ్ళ క్లాసులో ఇద్దరు బెన్‌లు ఉన్నారట. సాయంత్రం వాళ్ళ నాన్న రాగానే మొదట ఆ వార్తే చేరవేసింది.

రాత్రి తొమ్మిదికి గుంటూరు ఫోన్ చేశాను. అక్కడ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. పాత ఎక్స్‌చేంజ్‌లో నా పక్క కుర్చీ మనిషి. ఒకప్పుడు ట్రంక్‌కాల్ మూడు నిమిషాలు కాగానే మేమే మధ్యలోకి వచ్చి గుర్తు చేసేవాళ్ళం. ఇప్పుడు గంట మాట్లాడినా అడిగేవాళ్ళు లేరు, పైగా వీడియో. అయినా అది వేరు. తనకైతే నా మోకాలు ఇప్పుడెలా ఉందో చెప్పాలి. బెన్‌కి చెప్పక్కర్లేదు, నేను మెట్టు ఎక్కడం చూసి చెయ్యి అందిస్తుంది.

పడుకోబోయే ముందు బెన్ మెసేజ్. రేపు బార్ట్‌లో మిల్పిటాస్ వెళ్దామంటుంది. 2020లో రైలు అక్కడిదాకా పొడిగించాక దారి సులువైంది. అక్కడి ఇండియా కమ్యూనిటీ సెంటర్‌లో పెద్దవాళ్ళ కార్యక్రమాలున్నాయి, అవి చూసొద్దామని. ఖమ్మం అక్కని కూడా రమ్మన్నాను, ఉన్న నెలైనా ఇంట్లో కూర్చోకుండా. మావారికి చెబితే టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా "మరి నా భోజనం?" అన్నారు. ఫ్రిజ్‌లో పప్పు, గోంగూర పచ్చడి ఉన్నాయి, అన్నం కుక్కర్‌లో పెట్టి వెళ్తాను, మీట మీరు నొక్కుకోండి అన్నాను. ఏ మీట అని అడిగారు. కుక్కర్‌కి ఉన్నది ఒక్కటే మీట.