ఎక్స్‌రే నార్మల్, నొప్పి మాత్రం అలాగే ఉంది

మా అమ్మాయికి 13 ఏళ్లు, జిమ్నాస్టిక్స్ చేస్తుంది. హ్యాండ్‌స్టాండ్ వేసినప్పుడల్లా కుడి మోచేయి బయటివైపు నొప్పి, పైగా చేయి పూర్తిగా చాపలేకపోతోందని కోచ్ గారే ముందు గమనించారు. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర సెంటర్‌లో ఎక్స్‌రే తీయిస్తే నార్మల్ అని రిపోర్టు ఇచ్చారు.

స్పోర్ట్స్ ఇంజ్యూరీలు చూసే ఆర్థోపెడిక్ డాక్టర్ ఆ ఫిల్మ్‌ను లైటుకి పెట్టి చూసి, చేయి చాపి తీసిన ఎక్స్‌రేలో ఇది కనపడకుండా పోవచ్చమ్మా అన్నారు. మోచేతి దగ్గర పై ఎముక చివర బయటివైపు గుండ్రంగా ఉండే భాగాన్ని క్యాపిటెల్లం అంటారట, దెబ్బతినేది దాని ముందువైపు, అందుకే మోచేయి 45 డిగ్రీలు వంచి తీయాలని చీటీలో రాశారు. ఎడమ చేతికీ తీయించమన్నారు. బాగున్న చేతికి డబ్బులెందుకు దండగ అని మా అత్తగారు అన్నారు గానీ, పెరిగే పిల్లల ఎముకలు పక్కన పెట్టి పోల్చుకుంటేనే తేడా తెలుస్తుందట. వంచి తీసిన దాంట్లో చిన్న మచ్చ, దాని అంచు కాస్త చదునుగా, నాక్కూడా కనిపించింది.

ఆస్టియోకాండ్రైటిస్ డిసెకన్స్ అన్నారు. చేతుల మీద ఒళ్లంతా మోసే ఆటల్లో ముంజేతిలో బొటనవేలి వైపు ఉండే రేడియస్ ఎముక తల పదే పదే క్యాపిటెల్లంను ఒత్తుతుంది, అక్కడ రక్తప్రసరణ అసలే తక్కువ, దాంతో కార్టిలేజ్ (కీలులో ఎముక చివర ఉండే నున్నటి పొర) కింది ఎముక పాడవుతుంది. పాడైన ఆ ముక్క గట్టిగా అంటుకుని ఉందా, ఊడిపోయేలా ఉందా అన్నదే అసలు ప్రశ్న. కార్టిలేజ్ ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి ఎమ్మారై.

టెన్షన్ అంతా ఎమ్మారై దగ్గరే. కమ్మలు, హెయిర్ పిన్నులు, జబ్బకి కట్టిన రాగి తాయెత్తు అన్నీ తీయించి, బోర్లా పడుకోబెట్టి, చేయి తలపైకి చాపించి, మోచేతికి సిగ్నల్ పట్టే కాయిల్ చుట్టి, కదలకుండా చుట్టూ స్పాంజీలు దోపారు. మోచేయి మెషిన్ మధ్యలో ఉంటేనే బొమ్మ శుభ్రంగా వస్తుందట. కాసేపటికే భుజం లాగేసి పిల్ల కదిలింది, ఆ వరస బొమ్మలు మసగ్గా వచ్చాయని మళ్లీ తీశారు. వెల్లకిలా, చేయి పక్కన పెట్టుకునీ తీయొచ్చని టెక్నీషియన్ తర్వాత చెప్పాడు, భుజం నొప్పి ఉన్నవాళ్లు ముందే అడగడం మంచిది.

రిపోర్టులో రెండు చోట్ల లోపం ఉందని చదివేసరికి నాకు గుండె జారింది. డాక్టర్ సీడీ వేసి చూపించారు: వెనకవైపుది జబ్బు కాదు, కార్టిలేజ్ అయిపోయేచోట అందరికీ ఉండే గాడి. ముందువైపుదే అసలుది. ఆ ముక్క వెనక నీరు చేరినట్టు తెల్లటి గీత ఉంటే ఊడుతోందని అనుమానించాలట. మా అమ్మాయికి ఆ గీత లేదు, ఎముక పెరిగే ప్లేటూ ఇంకా తెరిచే ఉంది, అంటే ఎముక ఇంకా పెరుగుతోంది.

సీటీ కూడా తీయించాలా అని అడిగాను. మోచేయి కదుపుతుండగా మధ్యలో పట్టేస్తుంటే, లోపల విడి ముక్కలున్నాయేమో చూడ్డానికి అది పనికొస్తుంది, ఇప్పుడు రేడియేషన్ ఎందుకు అన్నారు. కీలులోకి మందు ఎక్కించి తీసే ఎమ్మారై కూడా అక్కర్లేదన్నారు.

ప్రస్తుతానికి చేతుల మీద బరువు పడే పనులన్నీ బంద్. కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎమ్మారై, అదీ వీలైతే అదే సెంటర్‌లో అదే మెషిన్ మీద తీయించి, పాత సీడీ వెంట తెమ్మన్నారు.